మూర్తిగారిని కూర్చోమన్న స్పీకరు

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో, బదిలీల కౌన్సెలింగ్‌లో నాకు నరసాపురం వైపున్న ఒక శివారు గ్రామపు జిల్లా పరిషత్ హైస్కూలు వచ్చింది. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు సోషల్ స్టడీస్. పదవీ విరమణకు కొద్దికాలమే మిగిలింది కనుక ఇక పెట్టే బేడా సర్దుకునే పని లేదన్న ధీమాతో వెళ్ళి చేరాను. శివారు అంటే మా వైపు కాలువ చివర అని అర్థం. నీళ్ళు పైనున్న పొలాలన్నీ తడిపి, మిగిలితే అక్కడికి వస్తాయి. పై అధికారుల తనిఖీలు కూడా అంతే.

ఆ నవంబరులో రాజ్యాంగ దినోత్సవానికి బడిలో మాదిరి పార్లమెంటు జరపమని ఆదేశం వచ్చింది. ఇలాంటివి వచ్చినప్పుడు స్టాఫ్ రూములో అందరి కళ్ళూ సోషల్ టీచరు మీదికే తిరుగుతాయి. లెక్కల మాస్టారు ఓటింగు లెక్కపెట్టడానికి సాయం వస్తానన్నారు. తెలుగు మేడం ఉపన్యాసాలు దిద్దుతానన్నారు. మిగతాదంతా, అంటే మొత్తం, నాకు వదిలేశారు.

మాదిరి పార్లమెంటు నడపడం తెలియనివాళ్ళకు అది ఒక నాటకంలా కనిపిస్తుంది. నేను అలా చేయించేదాన్ని కాదు. మాటలు రాసిచ్చి బట్టీ పట్టిస్తే పిల్లలు మాటలు నేర్చుకుంటారు గానీ సభ నేర్చుకోరు. నేను నియమాలు మాత్రమే ఇచ్చేదాన్ని. పై తరగతుల పిల్లలకు చీటీలు వేసి అధికార పక్షం, ప్రతిపక్షం అని విడదీశాను. ప్రతిపక్షం చీటీ వచ్చినవాళ్ళు పరీక్ష తప్పినంత దిగులు పడ్డారు. ఓడిపోయాక ఇంక మాకేం పనుంటుందండీ అని ఒకడు అడిగాడు. ప్రశ్నలు అడగడమే పని, జవాబు చెప్పాల్సిన బాధ మంత్రులది అన్నాను. అది విన్నాక పక్షం మారతామని మంత్రులు నా చుట్టూ తిరిగారు.

స్పీకరును మాత్రం చీటీ వేసి తీయకూడదు, సభే ఎన్నుకోవాలి. పిల్లలు తొమ్మిదో తరగతి సువార్తను ఎన్నుకున్నారు. ఆ అమ్మాయి ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతుంది. మైకు లేకపోయినా చివరి బెంచీ దాకా గొంతు వినిపిస్తుంది, అదీ కారణం. వాళ్ళ నాన్న దావీదు ఆ ఊరి ఆసామి సూర్యనారాయణమూర్తిగారి పొలం కౌలుకు చేస్తున్నాడు. మా ప్రాంతంలో కౌలుకు కాగితాలుండవు. దాళ్వా, అంటే రెండో పంట, ఇంటికి చేరాక ఆసామి ‘వచ్చే ఏడూ నువ్వే చేసుకో’ అంటే అదే ఒప్పందం. ఆ ఏడాది మూర్తిగారు ఆ పొలాన్ని చేపల చెరువుకు ఇచ్చేస్తారని ఊళ్ళో పుకారుంది. దావీదు ఇంట్లో ఆ బెంగ ఉందని పిల్లలందరికీ తెలుసు.

స్పీకరు చర్చలో పాల్గొనకూడదు, ఏ పక్షం వైపూ మాట్లాడకూడదు. స్పీకరు లేచి నిలబడితే సభలో ఎవరున్నా, ప్రధానమంత్రి అయినా సరే, వెంటనే కూర్చోవాలి. చూడటానికి వచ్చినవాళ్ళు గ్యాలరీలో ఉంటారు, వాళ్ళకు సభలో నోరు లేదు. లేవడం, కూర్చోవడం మేము డ్రిల్లు పీరియడ్‌లో సాధన చేశాం. పిల్లలకు అదొక ఆటయింది. సువార్త చటుక్కున లేచేది, వీళ్ళంతా దభాలున కూలబడేవాళ్ళు, ఆఖరున కూర్చున్నవాణ్ణి చూసి నవ్వుకునేవాళ్ళు.

బిల్లు ఏదో పిల్లలనే తేల్చుకోమన్నాను. ఏ ప్లాస్టిక్ గురించో, మొక్కల గురించో తెస్తారని నా అంచనా. తీరా చూస్తే వరి పొలాలను చేపల చెరువులుగా మార్చడాన్ని నియంత్రించే బిల్లు తెచ్చారు. నాకు గొంతులో వెలక్కాయ పడింది. ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు చెరువులున్నాయి, మిగతా సగానికి చెరువుల పక్కన పొలాలున్నాయి. మార్చమని చెబుదామా అనుకున్నాను. సభ మీదే అని చెప్పి, బిల్లు మాత్రం నాదే అనడం బాగుండదని ఊరుకున్నాను.

చిక్కంతా వేదిక దగ్గర వచ్చింది. నేను అతిథులకు కింద, పక్కవాటుగా కుర్చీలు వేయించి గ్యాలరీ అని అట్ట కట్టించాను. మా హెడ్మాస్టరు సుబ్బారావుగారు అది చూసి ఒప్పుకోలేదు. మూర్తిగారు బడికి ప్రహరీ కట్టించిన మనిషి. ఆయన్ని పిలిచి కింద కూర్చోబెడితే రేపు ఊళ్ళో తలెత్తుకోగలమా మేడం అన్నారు. మా జిల్లాల్లో సభ అంటే వేదిక, వేదిక అంటే పెద్దలు, పెద్దలంటే దండ, శాలువా, ఆపైన రెండు మాటలు. పార్లమెంటయినా, పదో తరగతి వీడ్కోలయినా ఈ వరస మారదు. చివరికి స్పీకరు కుర్చీ వేదిక మధ్యలోనే ఉంచి, దాని వెనక వరసలో అతిథుల కుర్చీలు వేశారు. ప్రపంచంలో ఏ పార్లమెంటులోనూ గ్యాలరీ స్పీకరు వీపు వెనక ఉండదు. మా బళ్ళో ఉంది.

ప్రశ్నోత్తరాల సమయం చక్కగా గడిచింది. తరువాత వ్యవసాయ మంత్రి హర్ష బిల్లు ప్రవేశపెట్టాడు. పదో తరగతి కుర్రాడు, మాట జోరెక్కువ. ‘అధ్యక్షా, అన్నం పెట్టే పొలాన్ని చెరువుగా మారుస్తున్నారంటే దానికి ఒకటే కారణం, అత్యాశ’ అన్నాడు. అధికార పక్షం బల్లలు చరిచింది. అంతలో స్పీకరు వెనక నుంచి ‘అత్యాశ కాదు బాబూ’ అని పెద్ద గొంతు వినపడింది. మూర్తిగారు దండతో సహా లేచి నిలబడ్డారు. నేను చెప్తాను వినండి అంటూ ముందుకు ఒక అడుగు వేశారు.

ఆయనకు అందులో తప్పేమీ కనిపించి ఉండదు. వేదిక మీద పెద్దమనిషి ఎప్పుడైనా లేవొచ్చు, ఎంతసేపైనా మాట్లాడొచ్చు, మనకు అదే అలవాటు. హెడ్మాస్టరుగారయితే మైకు ఆయన వైపు తిప్పడానికి అప్పుడే చెయ్యి చాపారు.

అప్పుడు సువార్త లేచింది. సాధన చేసిన పిల్లలు కదా, సభలో నిలబడ్డ ప్రతివాడూ తటాలున కూర్చున్నాడు. మాట్లాడుతున్న మంత్రి కూడా కూర్చున్నాడు. నిలబడి ఉన్నది ఇద్దరే. ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, ఆయన మొహంలోకి చూస్తూ, ‘గ్యాలరీలో ఉన్నవారు సభలో మాట్లాడకూడదండి. దయచేసి కూర్చోండి’ అంది. గొంతు పెంచలేదు. కానీ ఆ గొంతు సంగతి చెప్పానుగా, గేటు దగ్గర ఉన్న తల్లిదండ్రులకు కూడా వినిపించింది.

మూర్తిగారు ఆ పిల్లను చూశారు, నన్ను చూశారు, వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. మెడలో దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. సువార్త ముందుకు తిరిగి మంత్రిని కొనసాగించమంది. వాడు ఏం చెప్పాలనుకున్నాడో మర్చిపోయి ఎలాగో ముగించాడు. చర్చ పూర్తి కాలేదు. బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపుతూ సభ వాయిదా పడింది. సెలెక్ట్ కమిటీ అంటే బిల్లును విడిగా కూర్చుని పరిశీలించడానికి రెండు పక్షాల నుంచీ కొందరిని వేసే సంఘం.

మూర్తిగారు టిఫిను తినకుండా వెళ్ళిపోయారు. గోదావరి జిల్లాల సంగతి తెలిసినవాళ్ళకు ఇంతకుమించి చెప్పక్కర్లేదు. కోపం వచ్చినా కాఫీ తాగి మరీ తిట్టే ఊళ్ళు మావి. ఏమీ ముట్టకుండా వెళ్ళారంటే సంగతి దూరం వెళ్ళిందన్నమాట. హెడ్మాస్టరుగారు ఆయన ప్లేటులోని ఉప్మా పెసరట్టు వైపు చూస్తూ, మేడం, మీ రాజ్యాంగం మన ప్రహరీ కూల్చేట్టుంది అన్నారు. నాకు ప్రహరీ గురించి దిగులు లేదు. దావీదు పొలం గురించి భయం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ప్రార్థన గంట కొట్టకముందే దావీదు సువార్తను వెంటబెట్టుకుని వచ్చాడు. రాత్రంతా నిద్ర లేనట్టుంది మనిషి. ‘అమ్మాయిని అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళి దణ్ణం పెట్టించి, తప్పయిపోయిందని చెప్పిస్తానండి. మీరూ ఓ మాట చెప్పండి దీనికి, నా మాట వినట్లేదండి’ అన్నాడు. సువార్త నా వైపు చూసి, నేను తప్పు చేశానాండీ అని అడిగింది. లేదు, నియమం ప్రకారమే చేశావన్నాను. మరి తప్పయిపోయిందని ఎందుకు చెప్పాలండీ అంది.

మంచి ప్రశ్నే. సభలో స్పీకరు ఇచ్చిన రూలింగును బయట ఎవరూ ప్రశ్నించకూడదు, దానికి స్పీకరు బయట సంజాయిషీ చెప్పకూడదు అని నేనే పాఠం చెప్పాను. ఇప్పుడు వెళ్ళి దణ్ణం పెట్టు అంటే, నియమాలన్నీ బడి గేటు దాకానే అని నా నోటితో చెప్పినట్టే. ఆ పిల్ల జీవితాంతం అదే గుర్తుపెట్టుకుంటుంది. వద్దంటే, పొలం పోతే? దావీదు నెమ్మదిగా, ‘మీకు ఉద్యోగం ఉందండి. మాకా పొలమే ఉందండి’ అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పాడంతే. నాకు మాత్రం గట్టిగా తగిలింది.

ముందు నేను వెళ్ళి మాట్లాడి వస్తాను, అప్పటిదాకా ఎవరూ వెళ్ళొద్దని చెప్పి పంపించాను. సాయంత్రం బడి అయ్యాక మూర్తిగారింటికి వెళ్ళాను. రోడ్డు పక్కన ధాన్యం ఆరబోయించి, అరుగు మీద కూర్చుని పిచ్చుకల్ని తోలిస్తున్నారు. రండి టీచరు గారూ అన్నారు. లోపలికి కేకేసి కాఫీ తెప్పించారు. కాఫీ చూడగానే సగం ప్రాణం లేచొచ్చింది.

నేను మొదలుపెట్టకముందే ఆయనే అందుకున్నారు. ‘పిలిచి, దండేసి, ఎత్తు మీద కూర్చోబెట్టి, నోరు మూయించారండి మీరు’ అన్నారు. ఆ చిన్నపిల్లదేముంది, మీరు నేర్పింది చెప్పింది, దాన్నేమీ అనుకోలేదన్నారు. మరి టిఫిను అని నసిగాను. ‘అంతమందిలో అత్యాశపరుడు అనిపించుకున్నాక పెసరట్టు ఎలా దిగుతుందండీ’ అన్నారు. అప్పుడర్థమైంది. మేమంతా ఆయన్ని కూర్చోబెట్టినందుకు కోపం వచ్చిందనుకుంటుంటే, ఆయనకు కష్టం కలిగింది హర్ష అన్న మాటకు. ఆ మాట మీ రికార్డుల్లోంచి తీసేయించండి, టీవీలో చూస్తుంటాను, అసెంబ్లీలో తీసేస్తుంటారుగా అన్నారు. మా రికార్డంటే ఎనిమిదో తరగతి పిల్ల రాసిన నాలుగు ఠావులు. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ ఊళ్ళో మా సభను నిజం సభగా లెక్కగట్టిన మొదటి పెద్దమనిషి ఆయనే.

‘అయితే నాలాంటివాడు నాలుగు ముక్కలు చెప్పుకోవడానికి మీ పార్లమెంటులో దారే లేదాండీ?’ అని అడిగారు. ఉందన్నాను. బయటివాళ్ళు సభలో మాట్లాడకూడదు గానీ, సెలెక్ట్ కమిటీ పిలిస్తే సాక్షిగా వచ్చి చెప్పుకోవచ్చు. కమిటీ ఎవరినైనా పిలవొచ్చు, ఏమైనా అడగొచ్చు. అయితే పిలిపించండి, బెంచీ మీద కూర్చోమన్నా కూర్చుంటానన్నారు. కౌలు మాట నేను ఎత్తలేదు. ఎత్తితే అక్కడికక్కడ అది బేరమయ్యేది, సువార్త రూలింగు ఆ బేరంలో సరుకయ్యేది. దావీదుతో కమిటీ కూర్చునే శనివారం దాకా ఓపిక పట్టమని చెప్పాను. సరేనండి అన్నాడే గానీ మొహంలో నమ్మకం లేదు. నాకు మాత్రం ఎక్కడుంది?

కమిటీకి అధ్యక్షురాలు ప్రతిపక్షం నుంచి వచ్చిన దివ్య. పొట్టిగా, కళ్ళజోడుతో, ఏదీ సగంలో వదలని పిల్ల. ఒక భూమి యజమానిని, ఒక కౌలు రైతును పిలుద్దామని కమిటీ తీర్మానించింది. నేను కార్యదర్శిని, అంటే నియమం అడిగితే చెప్పాలి, అంతకుమించి నోరు మెదపకూడదు. కౌలు రైతుగా దావీదు పేరు వాళ్ళే రాశారు. నేను వద్దనలేదు, సరేననలేదు.

శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి గదిలో కమిటీ కూర్చుంది. మూర్తిగారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి, పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు. శివారు భూమికి కాలువ నీళ్ళు ఆలస్యంగా వస్తాయని, కోతల సమయానికి వానలు పట్టుకుంటాయని, వరుసగా పంట దెబ్బతింటే ఆసామికీ కౌలుదారుకీ ఇద్దరికీ మిగిలేది గడ్డేనని చెప్పారు. ‘చెరువుకి ఇస్తే నిద్రపడుతుందని ఇద్దామనుకున్నాను గానీ, ఆశపడి కాదమ్మా’ అన్నారు. కమిటీలో అధికార పక్షం తరఫున ఉన్న హర్ష తలొంచుకుని రాసుకున్నాడు.

తరువాత దావీదును పిలిచారు. భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సాక్షి కూర్చుని చెప్పాలండి అంది దివ్య. ‘పర్లేదమ్మా, నిలబడే చెప్తాను’ అన్నాడు. ఖాళీ ఉన్నది మూర్తిగారి పక్కనే. దివ్య నా వైపు చూసింది. కమిటీ ముందు సాక్షులందరూ సమానమే, ఇద్దరికీ ఒకటే పద్ధతి అని చెప్పి ఊరుకున్నాను. ‘కూర్చుంటేనే రాసుకుంటామండి’ అని దివ్య కలం కింద పెట్టేసింది. మూర్తిగారే గోడ వైపు జరిగి, ‘కూర్చో దావీదూ. నువ్వు కూర్చునేదాకా ఈ పిల్లలు నన్నూ ఇంటికి పంపేట్టు లేరు’ అన్నారు. దావీదు బెంచీ అంచున, పడతాడేమో అన్నట్టుగా కూర్చున్నాడు.

పక్క చెరువు ఊట వల్ల గట్టు వెంబడి వరి ఎర్రబారుతోందని, కాలువ నుంచి పొలానికి నీళ్ళొచ్చే బోదెలో పూడిక తీస్తే నీళ్ళు ఇప్పటికంటే ముందే అందుతాయని, దానికి ఇద్దరు ముగ్గురు రైతులు కలిసిరావాలని చెప్పాడు. పొలం చెరువైతే మీరేం చేస్తారని దివ్య అడిగింది. ‘చెరువుకి కాపలా ఒక్కడు చాలండి. నాకిస్తారో లేదో’ అన్నాడు. వచ్చే ఏడాది పొలం మీకే ఇస్తారా అని అడిగింది. దావీదు తువ్వాలు మడతపెడుతూ, ‘ఆ మాట నేనెప్పుడూ అడగలేదండి. ఆయన చెప్తారు, మేం వింటాం. అంతేనండి’ అన్నాడు.

కమిటీ అవసరమనుకుంటే మొదటి సాక్షిని మళ్ళీ ప్రశ్నించవచ్చు. ఈ నియమం నేను ఎప్పుడో ఒకసారి పైపైన చెప్పాను. దివ్య మర్చిపోలేదు. మూర్తిగారి వైపు తిరిగి, అయితే మీరే చెప్పండి అంది. నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను. ఆయన బల్ల మీద ఎవరో చెక్కిన పేర్లను వేలితో తడిమారు. తలెత్తి, ‘వచ్చే ఏడూ వరేనమ్మా. ఇతనే చేస్తాడు. బోదె పని కలిసి చేయించుకుంటాం. ఆ పై ఏడు సంగతి అప్పటి నీళ్ళను బట్టి’ అన్నారు. దివ్య తలూపి, నెమ్మదిగా చెప్పండి రాసుకుంటున్నాను అని మళ్ళీ మొదటినుంచి చెప్పించింది. ఆయన చెప్పారు. అన్నమాట వెనక్కి తీసుకోవడానికి ఇంక వీల్లేకుండా పోయిందని అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. నిజం చెప్పాలంటే కళ్ళు కూడా తుడుచుకున్నాను. కమిటీ టీ తెప్పించింది. మూర్తిగారు తాగారు.

బయటికి వస్తే సైకిళ్ళ దగ్గర సువార్త నిలబడి ఉంది. స్పీకరు కమిటీలో కూర్చోదు కనుక లోపలికి రాలేదు. ఏమన్నారండీ అని అడిగింది. నివేదిక సభ ముందుకు వచ్చేదాకా కమిటీలో జరిగింది బయటపెట్టకూడదు, నియమం నీకు తెలుసుగా అన్నాను. ‘తెలుసండి. మా నాన్న ఆయన పక్కన కూర్చోడం కిటికీలోంచి చూశానండి. పొలం సంగతి నివేదిక వచ్చాకే చెప్పండి, పర్లేదండి’ అంది.

తరువాతి సభలో హర్ష అన్న మాటను స్పీకరు రికార్డు నుంచి తొలగించింది. బిల్లు, బోదెల పూడికతీత మీద ఒక సవరణతో, మూజువాణి ఓటుతో నెగ్గింది. నేను రిటైరయ్యేనాటికి ఆ పొలంలో వరే ఉంది, దావీదే చేస్తున్నాడు. మూర్తిగారు ఏటా మాటిచ్చేది ఒక్క ఏడాదికే, అందులో మార్పు లేదు.

ఆ ఏడాది తరువాత నేను పాఠం చెప్పే వరస మార్చుకున్నాను. అంతకుముందు సభలో ఎవరు మాట్లాడకూడదో ముందు చెప్పి, కమిటీల సంగతి చివర్లో, సమయం ఉంటే చెప్పేదాన్ని. ఆపైన రెండూ ఒకే రోజు చెప్పాను. ఒకరిని కూర్చోమనే అధికారం పిల్ల చేతిలో పెట్టినప్పుడు, ఆ మనిషి తన మాట ఎక్కడ చెప్పుకోవాలో కూడా ఆ పిల్లకు తెలిసి ఉండాలి. సగమే నేర్పితే, మిగతా సగానికి వెల కట్టాల్సింది టీచరు కాదు, ఆ పిల్ల ఇంటివాళ్ళు.